ఒకే వేదిక మీద ఇద్దరు కృష్ణులు

మొన్న ఆదివారం బెంజ్ సర్కిల్ దగ్గర మల్టీప్లెక్స్‌లో పడ్డ ఈలలకు నా చెవులు ఇంకా గింగురుమంటూనే ఉన్నాయి. మా అమ్మాయి పట్టుబట్టి తీసుకెళ్లిన సూపర్‌హీరో సినిమా అది. ఒకే హీరో మూడు లోకాల నుంచి మూడు రూపాల్లో వచ్చి పక్కపక్కనే నిలబడేసరికి హాలంతా లేచి గంతులేసింది. "ఇలాంటి ఐడియా ఇంకెవరికైనా వస్తుందా నాన్నా!" అంది అమ్మాయి. నాకు నవ్వాగలేదు. మా రత్నంగారు ఉంటే "ఇందులో ఏముందమ్మా, మేం ఊరూరా చేసిందేగా" అనేవారు.

రత్నంగారిది ఆటోనగర్‌లో లారీ స్పేర్‌పార్ట్స్ షాపు. డిగ్రీ అయ్యాక నేను ఆయన దగ్గరే పనికి కుదిరాను. పగలంతా బేరింగులు అమ్మే ఆ మనిషి, సాయంత్రమైతే పద్యనాటకాల్లో కృష్ణుడు. మా వైపు పౌరాణిక నాటకమంటే ఒక్క కృష్ణుడితో సరిపెట్టుకోరు. ఒక్కో ఘట్టానికి ఒక్కో నటుడు. ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు అని కరపత్రంలో వరసగా ఫొటోలు వేస్తారు. రత్నంగారు ఎప్పుడూ రెండో కృష్ణుడే. అదేమిటండీ అని అడిగితే, "మొదటివాడు వచ్చేసరికి జనం ఇంకా కుదురుకోరు. మూడోవాడు వచ్చేసరికి కునికిపాట్లు పడతారు. రాజ్యమంతా మధ్యవాడిదేరా" అని, వేషం కోసం గీయించుకున్న మీసం చోట వేలు తిప్పేవారు.

నా గొంతు బాగుందని నన్ను మూడో కృష్ణుడిగా తయారుచేశారు. షాపు మూశాక రిహార్సల్స్. నేను అచ్చం ఆయనలాగే చెయ్యి తిప్పి, ఆయనలాగే పద్యానికి ముందు చిన్నగా దగ్గేవాణ్ణి.

"ఒరేయ్, ఆ దగ్గు కృష్ణుడిది కాదు, నాది" అన్నారొకసారి. "నన్ను చూపించడానికి నేనున్నాగా. నిన్నెవరు చూపిస్తారు?"

నా మొదటి నాటకం దివిసీమలో. "కొత్తాయన తేలిపోతే మళ్లీ మిమ్మల్ని పిలవమండీ" అని నాటకం పెట్టించిన కమిటీవాళ్లు రత్నంగారి మొహం మీదే చెప్పారు. తేలిపోతే ఇక జన్మలో రంగు పూసుకోకూడదని నేనూ అనుకున్నాను. తీరా నా ఘట్టం వచ్చేసరికి కిరీటం వదులై జారిపోతోంది. తన వేషం ఇంకా విప్పని రత్నంగారు నన్ను వేదిక మధ్యలో నిలబెట్టి వెనక తాడు బిగిస్తున్నారు. ఇంతలో హార్మోనియం మోగింది. తెర లాగేవాడు తొందరపడ్డాడు.

జనం ముందు ఇద్దరు కృష్ణులు! ఒకడి కిరీటం ఇంకొకడు కడుతున్నాడు. ఒకటే నవ్వులు, ఈలలు. పారిపోదామనుకున్నాను. రత్నంగారు మాత్రం తాపీగా ముడి బిగించి ముందుకొచ్చారు. "ఇందాకటిదాకా నేనండీ. ఇకనుంచి మీ కృష్ణుడు ఈయనే" అని జనానికి చెప్పారు. ఏనాడూ ఒరేయ్ అని తప్ప పిలవని మనిషి, నా వైపు తిరిగి చేతులు జోడించి దణ్ణం పెట్టారు. నవ్వులు ఆగిపోయాయి.

పాడాను. ఆయనలా పాడలేదు, నాలాగే పాడాను. రాగం తీసి ఆపగానే "వన్స్‌మోర్!" అని కేక. ఆ మొదటి కేక పక్కతెర వెనక నుంచే వచ్చిందని నాకిప్పటికీ అనుమానం. రెండో కేక మాత్రం జనానిదే.

ఆయన పోయి ఏళ్లయింది. నేనింకా వేషం కడుతూనే ఉన్నాను. కొత్త కుర్రాళ్లు వేదిక ఎక్కేముందు నేనే వాళ్లకు దణ్ణం పెడతాను. కంగారుపడి నా కాళ్ల మీదికి వంగబోతారు. "ఇప్పుడు నువ్వు వంగకూడదయ్యా, పద" అని ముందుకు తోస్తాను. అంత మనిషి నాకు చేతులు జోడించినప్పుడు ఒళ్లంతా పాకిన ఆ వణుకు ఈనాటికీ పోలేదు. పోకూడదనే నా కోరిక.