పెద్దమ్మకు దక్కని ఏడుపు

ఈ ఉదయం మా గుంటూరు అపార్ట్‌మెంట్‌లో కింది అంతస్తు పెద్దాయన పోయారంటే చూడ్డానికి వెళ్లాను. ఫ్రీజర్ పెట్టె పక్కన చిన్న స్పీకరులో మంత్రాలు వినిపిస్తున్నాయి. వచ్చినవాళ్లం దండం పెట్టి, చెప్పులు వెతుక్కుని బయటపడ్డాం. ఎవరూ పైకి ఏడవలేదు. నాకు మాత్రం మా పెద్దమ్మ గుర్తొచ్చి, లిఫ్టులో తలెత్తలేకపోయాను.

ప్రత్తిపాడులో ఎవరింట చావు జరిగినా మా పెద్దమ్మ మిరపకోత మధ్యలో వదిలేసి వెళ్లేది. "అది మనిషి కోసం ఏడుపో, మిరప ఘాటుకి ఏడుపో!" అని మా బాబాయి వేళాకోళం చేసేవాడు. ఆవిడ ఊరికే ఏడ్చేది కాదు. శవం పక్కన చతికిలబడి, పోయిన మనిషితోనే మాట్లాడుతూ రాగం తీసేది. "నీళ్ల కాడ నాతో పోట్లాడి, తెల్లారి వచ్చి మా గేదెకి మేతేసి పోయావు గదయ్యా!" అనేది. ఊరంతా పీనాసి అనుకున్న మనిషి గురించి ఇంట్లోవాళ్లకే అప్పుడు కొత్త సంగతి తెలిసేది. ఇంటికొచ్చి స్నానం చేసి జుట్టు ఆరబెట్టుకుంటూ, "నేను పోతే నా గురించి ఎవరు చెబుతారో చూడాలి," అనేది, తనేదో చూడబోతున్నట్టు.

కిందటేడు ఆవిడే పోయింది. ఏర్పాట్లన్నీ నెత్తినేసుకున్నాను. ఫ్రీజర్ పెట్టె, మంత్రాల స్పీకరు, పూల బండి, రాలేని బంధువుల కోసం ఫోన్లో లైవ్. ఇంతలో పక్క చేను అత్త వచ్చింది. పెట్టె మీద చేతులేసి, "వానకి నా కల్లం తడుస్తుంటే, నీ కాయలొదిలేసి నా కాయల మీద పట్టా కప్పావు గదే వొదినా..." అని ఎత్తుకుంది. గబగబా వెళ్లి ఆవిడ భుజం పట్టుకున్నాను.

"అత్తా, కాస్త ఊరుకో. లైవ్‌లో అందరూ చూస్తున్నారు."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఏడవద్దంటే నాకు కబురెందుకు పెట్టావురా?" అని, కొంగుతో మొహం తుడుచుకుని గోడవార కూర్చుంది. నేను స్పీకరు సౌండు పెంచాను.

పెద్దకర్మకి ఫ్లెక్సీ కట్టించాం. భోజనాలు బ్రహ్మాండమన్నారు. ఆ మెప్పులు వింటుంటే నా మీద నాకే అసహ్యమేసింది. తర్వాత అత్త ఇంటికి వెళ్లి, ఆ కల్లం సంగతి మొత్తం చెప్పమని బతిమాలాను. ఆవిడకి కోపమేమీ లేదు. మజ్జిగ ఇచ్చి, "ఇప్పుడడిగితే ఏం చెప్పనురా? అయ్యి ఆ పూట వచ్చే మాటలు," అంది.

ఆనాటి వీడియో నా ఫోన్లో భద్రంగా ఉంది. ఎన్నిసార్లయినా వెనక్కి తిప్పుకోవచ్చు. పెద్దమ్మ కోసం ఏడ్చే పూట మాత్రం ఒక్కసారే వచ్చింది, దాన్ని నేనే ఊరుకోమన్నాను.