సాంచా ఆపి అడిగిన మాట

మాది భివండిలో తెలుగు నేతగాళ్లుండే పద్మనగర్. పవర్‌లూమ్ సాంచాల మోతలో ఏ మాటా వినబడదు. అందుకే ఎవరినైనా "ఎట్లున్నవ్?" అని అడగాలంటే బాపు ముందు సాంచా ఆపుతాడు.

చదువుకోసం ఇంగ్లండ్ వెళ్లిన కొత్తలో నన్ను పలకరించేవాళ్లే లేరు. ఒకరోజు దుకాణంలో బిల్లు కొట్టే ఆమె "హౌ ఆర్ యూ?" అంది. గదిలో చలి, సయించని తిండి, అమ్మ మీద బెంగ, అన్నీ వచ్చీరాని ఇంగ్లిష్‌లో చెప్పి ఏడ్చేశాను. ఆమె బిత్తరపోయింది. వరుసలో నా వెనకున్న పెద్దాయన మెల్లగా, "ఫైన్ అంటే చాలు" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు బాపు ఫోన్ చేశాడు. అటువైపు సాంచా మోత ఆగింది.

"ఎట్లున్నవ్ బిడ్డా?"

"బాగున్న బాపూ."

మోత మళ్లీ మొదలైంది. నేర్చుకున్న ఇంగ్లిష్ మర్యాదను మొదట బాపు మీదే వాడాను.