డోరీన్ ఆంటీ నన్ను కూర్చోబెట్టిన ఆదివారం

పాలల్లో నానిన బ్రెడ్డు ఓవెన్‌లో పొంగేటప్పుడు గుడ్డూ దాల్చినచెక్కా కలిసిన వాసన ఒకటి లేస్తుంది. ఈ ఉదయం బెంగళూరులో మా ఇంటికి పదకొండింటికి అతిథులు రావాలి. ట్రే లోపల పెట్టినప్పటి నుంచి వంటగదికీ వీధి గుమ్మానికీ ఇప్పటికి నాలుగుసార్లు తిరిగాను. చిన్నప్పటి నుంచీ నాకు కాలు ఒకచోట నిలవదు. దాన్ని ఒకే ఒక్కరోజు నిలబెట్టిన మనిషి డోరీన్ ఆంటీ.

మేం అప్పుడు కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌లో ఉండేవాళ్ళం. గనులు ప్రభుత్వం చేతికి వచ్చి కొన్నేళ్ళయింది. నాన్న గని ఆఫీసులో గుమాస్తా. నేను పి.యు.సి. తప్పి ఇంట్లో ఉంటే, ఇంగ్లీషైనా వస్తుందని అమ్మ నన్ను పక్కింటి ఆంటీ దగ్గరికి పంపింది. ఆవిడ ఆంగ్లో ఇండియన్. తెలుగు మాత్రం అచ్చంగా మా ఊరిదే. భర్త గనిలో ఫోర్‌మన్‌గా చేస్తూ ప్రమాదంలో పోయాడు. అయినవాళ్ళంతా ఒక్కొక్కరే ఊరు విడిచిపోతున్నా ఆవిడ కదల్లేదు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక నలుగురిని తినడానికి పిలిచేది. నా చేతికి పుస్తకం ఇవ్వలేదు, బ్రెడ్డు కోసే కత్తి ఇచ్చింది.

"నిన్నటి బ్రెడ్డే కావాల. కొత్తదైతే పాలల్లో గుజ్జయిపోతాది," అనేది. ముక్కలు పరిచి, నడుమ శ్రీనివాసపురం మామిడిపండు కోసి వేసి, గుడ్లు గిలకొట్టిన పాలు పోసి బ్రెడ్ పుడ్డింగ్ చేసేది. ఉడికిందో లేదోనని నేను మాటిమాటికీ ఓవెన్ తలుపు తీసేదాన్ని. ఒకసారి పొంగినదంతా కుంగిపోయింది. "ఇంగ యాడికమ్మా నీ పరుగు? నువ్వు చూస్తే బిరీన ఉడకతాదా?" అంది. మా ఇంట్లో గుడ్డు ముట్టరు, ఆ సంగతి మాత్రం నేను అమ్మకు చెప్పలేదు.

ఒక ఆదివారం ట్రే బల్ల మీద పెట్టామో లేదో నేల కంపించింది. గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగాయి. గని లోతున రాయి పగిలితే అలా అదురుతుందని ఊళ్ళో పసిపిల్లలకూ తెలుసు. అతిథులుగా వచ్చిన ఇద్దరు ఇంజనీర్లు కుర్చీలు తోసుకుని పరిగెత్తారు. ఆంటీ ట్రే మీద గుడ్డ కప్పి, "పట్టు, పోదాం," అంది.

గని దగ్గర అప్పటికే ఆడవాళ్ళు గుంపుగా చేరారు. మేం తెచ్చినది ఎవరూ ముట్టలేదు. భర్త లోపల చిక్కుకున్న మునియమ్మ, "ఆయప్ప పైకొచ్చేదాకా నీళ్ళు గూడా తాగనమ్మా," అంది. ఆంటీ బలవంతపెట్టలేదు. చర్చికి వేసుకున్న మంచి గౌనుతోనే మట్టిలో ఆమె పక్కన కూర్చుంది. నేను గేటు దాకా వెళ్ళి కావలివాణ్ణి అడిగి వచ్చాను. మళ్ళీ వెళ్ళాను. మూడోసారి లేవబోతే ఆంటీ నా చెయ్యి పట్టుకుంది.

"కూర్చో. మా ఆయన లోపల ఉన్న దినం నేనూ ఇట్లే తిరిగినాను. తట్టుకోలేక ఇంటికి పోయినాను. పైకి తెచ్చినప్పుడు ఆయనకి పానం ఉన్నిందంట. డోరీన్ యాడ అని అడిగినాడంట. నేను వచ్చేతలికి..."

నేను కూర్చున్నాను. ఒళ్ళంతా లేచి పరిగెత్తమంటున్నా కూర్చున్నాను. ఎండ నెత్తి మీది నుంచి పక్కకు వాలింది. మనుషులను పైకి తెచ్చే లిఫ్టు ఒకసారి వచ్చి వెళ్ళింది. అందులో మునియమ్మ భర్త లేడు. మునియమ్మ గొంతులోంచి ఒక చిన్న శబ్దం వచ్చింది. ఆంటీ ఇంకొంచెం దగ్గరికి జరిగింది, అంతే.

రెండోసారి లిఫ్టు వచ్చినప్పుడు ముఖమంతా దుమ్ముతో, చేతికి గుడ్డ కట్టుకుని అతను దిగాడు. "మునెమ్మా," అన్నాడు. ఆమె ఎదురుగానే ఉంది. ఆంటీ ఇచ్చిన చల్లారిన ముక్కను అతను సగం తుంచి ముందు భార్య నోట్లో పెట్టాడు. ఆంటీ అటు తిరిగి, చాలాసేపు గౌను దులుపుకుంది.

ఓర్పు నాకు ఇప్పటికీ పట్టుబడలేదు. కానీ ఆసుపత్రిలో ఆపరేషన్ గది బయట ఎవరైనా ఒంటరిగా ఉన్నారని తెలిస్తే వెళ్ళి పక్కన కూర్చుంటాను. ఏం మాట్లాడాలో తెలియదు. తలుపు తెరుచుకుని, లోపలి నుంచి ఎవరో వచ్చి వాళ్ళను పేరు పెట్టి పిలిచేదాకా లేవను.