మామూలు గాలి నాకు చాలలేదు

పందొమ్మిది వందల అరవై ఏడు, చలికాలం. పొద్దున్నే యూనివర్సిటీ హాస్టల్ నుంచి తార్నాక వైపు పరుగెడుతుంటే నా రూమ్‌మేట్ దావీదు కెమిస్ట్రీలో చిన్న ప్రశ్న అడిగాడు. ముందురోజే చదివిన జవాబు. నోటికి రాలేదు. కాలు తడబడి రోడ్డు పక్కన కూలబడ్డాను. కాసేపు కూర్చున్నాక జవాబు దానంతటదే గుర్తొచ్చింది. అప్పటికి వాడు పాడుకుంటూ ముందుకు వెళ్లిపోయాడు.

పరుగెడుతూ పాడగలిగేవాణ్ణి చూస్తే నాకు ఒళ్లు మండేది. ఇద్దరం ఒకే మెస్‌లో తింటాం. వాడికే అంత ఊపిరి ఎక్కడిది? యూనివర్సిటీ పరుగుల జట్టుకు వాణ్ణి ఎంపిక చేసిన రోజు ఒక్క మంచి మాట కూడా అనకుండా దుప్పటి కప్పుకొని పడుకున్నాను.

వ్యాయామం చేసేటప్పుడు ఆక్సిజన్ తగ్గితే బుర్ర, చేతులు ఎలా పనిచేస్తాయో చూడటానికి విద్యార్థులు కావాలని మెడికల్ కాలేజీవాళ్లు అడిగారు. ఇద్దరం వెళ్లాం. కదలని సైకిల్ తొక్కుతూ, గొట్టంలోంచి గాలి పీలుస్తూ, కాగితం మీద ఏడు అంకె కనపడినచోటల్లా కొట్టేయాలి. తర్వాత చిన్న పుల్లలు రంధ్రాల్లో గుచ్చాలి. కొందరికి మామూలు గాలి, కొందరికి ఆక్సిజన్ తగ్గించిన గాలి; ఎవరికి ఏది ఇస్తున్నారో చెప్పలేదు. నా పుల్లలు సగం కింద పడ్డాయి.

“వానికి మంచి గాలి ఇచ్చిన్రు, నాకు తక్కువది పెట్టిన్రు. గిదేం న్యాయం మేడమ్?” అని అక్కడి డాక్టరమ్మతో గొడవపడ్డాను.

ఆమె నా కింది కనురెప్ప లాగి చూసింది. “ఉల్టా, బాబూ. తక్కువ ఆక్సిజన్ అతనికే ఇచ్చాం. అయినా నీకంటే తప్పులు తక్కువ. నువ్వు పీల్చింది మామూలు గాలి. ముందు బ్లడ్ టెస్ట్ చేయించుకో.”

హిమోగ్లోబిన్ ఆరు, ఉండాల్సినదాంట్లో సగం కూడా లేదు. పేగుల్లో రక్తం పీల్చే హుక్‌వార్మ్ పురుగుల వల్ల అనీమియా, అంటే రక్తహీనత. “లంగ్స్ బాగానే ఉన్నాయి. ఆక్సిజన్ మోసే రక్తమే లేదు,” అన్నారు ఆసుపత్రి డాక్టరు. పురుగులకు మందు, ఐరన్ మాత్రలు రాసిచ్చి, పరుగు వద్దన్నారు.

మూడు వారాలకు బాగున్నట్టనిపించింది. కడుపులో తిప్పుతోందని మాత్రలు మానేశాను. దావీదు పతకం తెచ్చిన మర్నాడు ఉక్రోషంతో ఒక్కణ్ణే పరుగెత్తి, తార్నాకలో కళ్లు తిరిగి పడ్డాను. కబురు తెలిసి వాడే వచ్చి రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

“నిన్ను చూస్తే కుళ్లు పుడ్తదిరా,” అన్నాను.

“నాకు తెల్వదా? ముందు గోలీలు మింగు, తర్వాత కుళ్లుకో,” అన్నాడు.

ఈసారి డాక్టరు ఆపమనేదాకా మాత్రలు మింగాను. ఏడాది దాటింది. ఇప్పుడు పరుగెడుతూ మాట్లాడగలుగుతున్నాను. వాడింకా నాకంటే ముందే ఉంటాడు. కుళ్లు కూడా పూర్తిగా పోలేదు. ఆయాసంతోపాటు మతిమరుపు, చేతుల తడబాటు ఉంటే పక్కవాణ్ణి చూసి ఏడవకండి, రక్తపరీక్ష చేయించుకోండి. హుషారు రాగానే మాత్రలు మానకండి. ఆపమని డాక్టరు చెప్పాలి.