మిరపరాశి దగ్గర అడిగిన మాట

నా చిన్నప్పుడు వేసవి వచ్చిందంటే మా వరండా నిండా ఎండు మిరపకాయలే. వీధిలో ఆడవాళ్లంతా చేరి తొడిమలు తీసేవాళ్లు. ఆ ఘాటుకి అందరి కళ్లూ కారుతూనే ఉండేవి కాబట్టి, ఎవరైనా నిజంగా ఏడ్చినా ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు.

పట్టించుకున్నది మా నాయనమ్మ ఒక్కతే. పక్కింటి అక్క పదో తరగతి తప్పిందని తెలిసిన రోజు, ముసుగుతన్ని పడుకున్న పిల్లని లేపుకొచ్చి తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఓదార్చలేదు, చదువు ఊసే ఎత్తలేదు. చాలాసేపయ్యాక, తొడిమ తుంచుతూనే, "చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మాయ్?" అని అడిగింది.

అక్క వాళ్లమ్మ గయ్యిమంది. "అవేం మాటలు అత్తా! లేని ఆలోచన పుట్టించటానికి కాకపోతే!"

"అడిగితే పుట్టేది కాదే అది. ఉంటే ఉందని చెబుద్ది, నువ్వాగు" అంది నాయనమ్మ.

అక్క తలూపింది. తర్వాత ఏడ్చిన ఏడుపు మిరపఘాటుది కాదని నాక్కూడా తెలిసింది. ఆ సాయంత్రమే నాయనమ్మ వాళ్లింటికెళ్లి, పత్తికి కొట్టగా మిగిలిన పురుగుమందు డబ్బాలన్నీ తెచ్చి మా కొట్టులో పెట్టి తాళం వేసింది. కాయలు అయిపోయేదాకా అక్కని ఒంటరిగా వదల్లేదు. అక్క బతికింది. పెళ్లయింది, పిల్లలు పుట్టారు, మనవలు వచ్చారు.

ఆ మనవల్లో ఇంటరు చదివే పిల్లాడు ఈ ఏడు గుంటూరు హాస్టల్లో ప్రాణం తీసుకున్నాడు. ఫోన్ చేసినప్పుడల్లా ఇంట్లోవాళ్లు తిన్నావా, మార్కులెన్ని అని అడిగేవాళ్లట. వాడూ బాగానే ఉన్నాననేవాడట. నిరుడు ఎగువ వీధి పిల్ల. ఏ ఊరెళ్లినా ఇదే కబురు. ఇప్పుడు కాయలు కళ్లం నుంచి నేరుగా కోల్డ్ స్టోరేజీకి వెళ్లిపోతున్నాయి, ఇంట్లో పిల్లలకి నలుగురి మధ్య ఏడవడానికి చోటు కూడా మిగల్లేదు. అప్పుడు ఒక్కరిని కాపాడిన మాట ఇంతమందికి ఎక్కడ సరిపోతుంది? నాకు నమ్మకం పోయింది, దాచుకోవడం ఎందుకు.

పలకరించడానికి వెళ్తే అక్క గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. కంట తడి లేదు. "నన్నడిగినట్టు వాణ్ణి ఎవరూ అడగలేదే" అంది.

నమ్మకం పోయినా ఆ మాట మాత్రం నా దగ్గరే ఉంది. "నీకూ చచ్చిపోవాలనిపిస్తోందా అక్కా?" అన్నాను. అక్క కోడలు నావైపు కొరకొరా చూసింది.

అక్క తలూపింది.

కోడల్ని పక్కకి పిలిచి పురుగుమందు డబ్బాలు ఎక్కడున్నాయో అడిగాను. పొద్దున్నే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఇంటికి ఫోన్ చేసి ఇవాళ రానని చెప్పి, అక్క పక్కన కూర్చున్నాను.