పరీక్షలకు పనికొచ్చిన గుండె

హైమవతి డాక్టరీ పాసై, కలకత్తాలో ఒక పెద్ద టీచింగ్ ఆసుపత్రి మెడిసిన్ వార్డులో హౌస్ ఫిజీషియన్‌గా చేరినప్పుడు, ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో ఉన్న తెలుగువాళ్లంతా ఆ పిల్ల అక్కడ రోగాలు కుదురుస్తుందని అనుకున్నారు. వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసే వాళ్ల నాన్న జగ్గారావూ అదే అనుకున్నాడు. నిజానికి మొదటి ఏడాది ఆమె ఎక్కువగా చేసిన పని డాక్టర్ సన్యాల్ వెనక నడవడం.

సన్యాల్ ఆ వార్డుకి పెద్ద ప్రొఫెసరు. పొద్దున్నే ఆయన రౌండుకి బయల్దేరితే, వెనక అసిస్టెంట్లు, వాళ్ల వెనక రిజిస్ట్రారు, ఆ వెనక హైమవతి లాంటి హౌస్ ఫిజీషియన్లు, తోకలో విద్యార్థులు. ఆయన దగ్గితే నలుగురు మంచినీళ్ల కోసం పరిగెత్తేవారు. ఆయన జోకేస్తే అర్థం కాకపోయినా నవ్వాలి, కాస్త ముందుగా నవ్వినవాడికి రిజిస్ట్రారు పోస్టు గ్యారంటీ. రోగి పేరు అడిగే అలవాటు ఆయనకి లేదు. "ఆ కిటికీ పక్క లివరు", "ఈ మూల కిడ్నీ" అనేవాడు. ఆ లివరుకి ఇద్దరు పిల్లలున్నారనీ, కిడ్నీకి రాత్రంతా నిద్రపట్టలేదనీ తెలిసేది నర్సులకీ హైమవతికీ మాత్రమే. రక్తాలు తియ్యడం, స్పిరిట్ దీపం మీద మూత్రాలు కాచి చూడటం, ఏదైనా తేడా వస్తే అందరి ముందూ తిట్లు తినడం ఆమె వంతు. ఎం.డి. సీటు కావాలంటే సన్యాల్ తల ఊపాలి. అందుకని ఆమె కూడా నోరు మూసుకుని నడిచింది.

ఆ వార్డుకి తవిటయ్యను తీసుకొచ్చింది ఆమే. తవిటయ్య వాళ్ల పక్క క్వార్టరు మనిషి, వర్క్‌షాపులో లేతు మిషను మీద పనిచేసే టర్నరు, ఆమెకి వరసకి చిన్నాన్న. చిన్నప్పుడు కీళ్లవాపుల జ్వరం వచ్చి గుండెలో ఒక కవాటం ఇరుకైపోయింది. నాలుగడుగులేస్తే ఆయాసం, నాలుగు మాటలంటే ఆయాసం. సన్యాల్ అతని ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి, కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు. సంగీత కచేరీలో కూడా ఆయన ముఖం అంత వెలిగి ఉండదు. "ఇంత స్పష్టమైన చప్పుడు విని చాలా ఏళ్లయింది. అందరూ వినండి" అన్నాడు. అందరూ విన్నారు.

అప్పటినుంచి ఆసుపత్రిలో ఎప్పుడు పరీక్షలు జరిగినా తవిటయ్యకి కబురొచ్చేది. వెళ్లి మంచం మీద పడుకుంటే, డాక్టరీ పరీక్షకి కూర్చున్నవాళ్లు వచ్చి అతని గుండె విని రోగమేమిటో చెప్పాలి. చెప్పలేక చెమటలు కక్కేవాళ్లకి తవిటయ్యే చెవిలో రోగం పేరు ఊది, బదులుగా సిగరెట్ పెట్టె పుచ్చుకునేవాడు. అలా పాసైనవాళ్లు ఇవాళ ఎక్కడెక్కడ ఎంత పెద్ద డాక్టర్లుగా వెలుగుతున్నారో తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

తవిటయ్యకి కళ్లు నెత్తికెక్కాయి. గోల్ బజార్లో టీ కొట్టు ముందు చొక్కా గుండీలు విప్పుకుని కూర్చుని, ఆయాసపడుతూనే కోతలు కోసేవాడు.

"కలకత్తాలో డాకటేర్లు... లైను కట్టి నిలబడతారు దాదా. నా గుండి... ఇంటే గానీ... ఆళ్లకి పాసు నేదు."

వర్క్‌షాపు వాళ్లు కూడా అతన్ని లేతు మిషను దగ్గర్నుంచి తప్పించి, టూల్ రూమ్‌లో పనిముట్లు అందించే లైట్ డ్యూటీ వేశారు. స్టూలు మీద కూర్చునే కొలువు. రోగం ఒకడికి ఇంత పరువు తెచ్చిపెట్టడం ఆ క్వార్టర్లలో ఎవరూ ఎరగరు. అతని భార్య దాలమ్మ ఒక్కతే ఆ పరువుని చీపురుకట్టతో సమానంగా చూసేది.

పందొమ్మిదివందల అరవై ఐదులో, చలికాలం మొదట్లో, తవిటయ్య దగ్గితే రక్తం పడింది. పడుకుంటే ఊపిరాడక గోడకి ఆనుకుని కూర్చుని తెల్లవార్చేవాడు. ఇక మందులతో లాభం లేదని హైమవతికి అర్థమైంది. అదే ఆసుపత్రిలో, సర్జరీ వైపు, ఇరుకైన కవాటాన్ని వేలితో వెడల్పు చేసే ఆపరేషను కొత్తగా చేస్తున్నారు. చేస్తే బతుకుతాడు. ఆలస్యమైతే దక్కడు. ఆమె సన్యాల్ గదికి వెళ్లి చెప్పింది.

"చేయిద్దాం. తొందరేముంది?" అన్నాడాయన కాగితాల మీంచి తల ఎత్తకుండా. "మార్చిలో ఎం.డి. పరీక్షలున్నాయి. బయటినుంచి పరీక్షకులు వస్తున్నారు. అలాంటి కేసు మళ్లీ దొరకదు. అవి అయ్యాక పంపిద్దాం."

"మార్చి దాకా ఉండడేమో సార్."

"నువ్వు చాలా ఉద్వేగపడుతున్నావు. ఆడపిల్లలతో ఇదే ఇబ్బంది."

ఆమెకి ఒళ్లు మండిపోయింది. మనిషి పోయినా ఫరవాలేదు, మార్చి దాకా చప్పుడు మాత్రం ఉండాలి. ఇదీ ఆ మహానుభావుడి దగ్గర నేర్చుకోవలసిన వైద్యం. ఆ ఆదివారమే బండెక్కి ఇంటికొచ్చింది. తవిటయ్య అయినా తన ప్రాణం మీద తీపితో ఒప్పుకుంటాడనుకుంది. తవిటయ్య అంతా విని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"ఆపరేసను సేస్తే... ఆ సప్పుడు పోద్దేటి?"

"పోవచ్చు సిన్నాన్నా."

"మరి పరీచ్చలకి... ఎవులెల్తారు?"

గుమ్మంలో బియ్యం ఏరుతున్న దాలమ్మ చేట కింద పెట్టింది.

"పరీచ్చలకి నువ్వెల్దువు గానీ, ఆనక నానెక్కడికెల్లాల?" అంది మొగుడితో. తర్వాత హైమవతి వైపు తిరిగింది. "ఈడితో మాటలేటమ్మా. ఏదోటి సెప్పి లాక్కుపో. నాను సంతకం ఎట్టీనాను అనుకో."

ఏదోటి చెప్పడానికి హైమవతికి ఎక్కువసేపు పట్టలేదు. అతని సంగతి ఆమెకి తెలుసు.

"సిన్నాన్నా, ఇన్నాళ్లూ నీ గుండి ఇన్నారు గానీ ఎవులూ సూడలేదు. ఆపరేసను నాడు సూడ్డానికి సర్జన్లు వత్తారు. గాజు కిటికీలోంచి డాక్టర్లంతా సూస్తారు."

తవిటయ్య గడ్డం సవరించుకున్నాడు. "అలాగైతే... ఠీక్ హై" అన్నాడు. బతుకుతావంటే కదలని మనిషి, చూస్తారంటే లేచాడు.

సన్యాల్‌తో చెప్పకుండా హైమవతి అతన్ని నేరుగా సర్జరీ వార్డులో చేర్పించింది. ఆపరేషను చక్కగా అయింది. వారం తర్వాత అతను మొదటిసారి వెల్లకిలా పడుకుని నిద్రపోతుంటే దాలమ్మ మంచం పక్కన నేలమీద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సంగతి తెలిసి సన్యాల్ తన పరివారంతో సహా సర్జరీ వార్డుకి వచ్చాడు. స్టెతస్కోపు పెట్టి విన్నాడు. అటు విన్నాడు, ఇటు విన్నాడు. ఆయన వినాలనుకున్నది అక్కడ లేదు.

"నా కేసుని పాడుచేశావు" అన్నాడు హైమవతితో, అందరూ వింటుండగా. వెనకాల ఉన్నవాళ్లలో ఒక్కడు కూడా, బతికాడు కదా సార్ అనలేదు. చదువుకున్నవాళ్ల పిరికితనం అంత నిండుగా ఒకేచోట కనబడటం అరుదు. ఆ ఏడు ఎం.డి. సీటు, జోకులకి ముందుగా నవ్వే కుర్రాడికి వెళ్లింది. హైమవతి పెట్టె సర్దుకుని ఖరగ్‌పూర్ వచ్చేసింది. తర్వాత అక్కడే రైల్వే డిస్పెన్సరీలో డాక్టరు ఉద్యోగం దొరికింది. ఎం.డి. పోయినందుకు ఆమె బాధపడలేదని చెప్తే అబద్ధం. చాలా బాధపడింది.

రెండేళ్ల తర్వాత ఒకరోజు తవిటయ్య డిస్పెన్సరీకి వచ్చాడు. మనిషి ఒళ్లు చేశాడు. ముఖం మాత్రం మాడ్చుకుని ఉన్నాడు. ఒంట్లో బాగైంది కాబట్టి షాపు వాళ్లు స్టూలు లాగేసి, మళ్లీ లేతు మిషను దగ్గర నిలబెడతామన్నారట. కలకత్తా నుంచి కబుర్లు ఎప్పుడో ఆగిపోయాయి. టీ కొట్టు దగ్గర అతని గుండె సంగతి అడిగే దిక్కు లేదు.

"లైట్ డ్యూటీకి కాయితం రాసియ్యమ్మా" అన్నాడు చొక్కా విప్పుతూ. "సరీగ్గా ఇను. ఎక్కడో మూలన ఉంటాది ఆ సప్పుడు."

హైమవతి విన్నది. అవసరమైనదానికంటే ఎక్కువసేపే విన్నది. లబ్‌డబ్, లబ్‌డబ్. మధ్యలో ఏమీ లేదు. తన చదువంతటిలోనూ తను చేసిన మంచి పని ఇదొక్కటేనని ఆమెకి అనిపించింది. స్టెతస్కోపు తీసి, కాగితం మీద 'పనికి ఫిట్' అని రాసి ఇచ్చింది.

తవిటయ్య దాన్ని చూసి అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "నా నోటికాడి కూడు తీసేసినావు, నా పరువు తీసేసినావు, పెద్ద డాకటేరు కాడ నాకున్న పేరంతా గంగలో కలిపేసినావు, నీ సదువు తగలెయ్య, నిన్ను ఎత్తుకు తిప్పినానే నాను" అంటూ మెట్లు దిగాడు, గేటు దాటాడు, రోడ్డెక్కాడు. బజారు మలుపు తిరిగేదాకా అలా తిడుతూనే వేగంగా నడిచిపోయాడు. ఎక్కడా ఊపిరి కోసం ఆగలేదు. హైమవతి కిటికీ దగ్గర నిలబడి, వినపడినంతసేపూ విన్నది.