బీరువాలో పడుకున్న కార్డు

మా బాబాయి గేట్లు చేసే వెల్డర్. ఒకప్పుడు మిషన్ కోసం బ్యాంకులో అప్పు తీసుకున్నాడు. పని చేయించుకున్న కాంట్రాక్టరు డబ్బెగ్గొట్టి పారిపోతే, బాబాయి వాయిదాలు ఆగిపోయాయి. తర్వాత పిన్ని గాజులు అమ్మి, వడ్డీతో సహా అంతా తీర్చాడు. అప్పటి నుంచి అప్పు అంటే చాలు, కాలిన ఇనుము తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంటాడు.

బాబాయి అద్దెకున్న షెడ్డు ఓనరు "అమ్మేస్తున్నా. నువ్వు కొనేట్టయితే ఏడాది ఆగుతా" అన్నాడు. బాబాయి మళ్లీ బ్యాంకు మెట్లెక్కాడు. అప్పు తీరినా, అప్పట్లో వాయిదాలు ఆగిన మచ్చ ఇంకా కంప్యూటర్లో ఉంది. "కొంత డబ్బు డిపాజిట్ చెయ్యండి. దాని మీద క్రెడిట్ కార్డిస్తాం. జాగ్రత్తగా వాడితే మీ మీద నమ్మకం కుదురుతుంది" అన్నాడు మేనేజరు. అంటే మన డబ్బు వాళ్లకిచ్చి, మళ్లీ వాళ్ల దగ్గరే అప్పు చెయ్యాలి. ఇదేం న్యాయమో! అయినా బాబాయి డబ్బు కట్టి కార్డు తీసుకున్నాడు.

ఏడాది తిరిగాక అప్పు అడగడానికి బ్యాంకుకి నన్నూ వెంటబెట్టుకెళ్లాడు. ఇస్త్రీ చొక్కా జేబులోంచి రుమాలు తీసి విప్పాడు. కార్డు తళతళలాడుతోంది.

"ఒక్కసారి కూడా వాడలేదు సార్!"

మేనేజరు నవ్వాడు. "వాడకపోతే కట్టేదేముంది పెద్దాయనా? మీరు కడతారని మాకెలా తెలుస్తుంది?"

నాకు ఒళ్లు మండింది. "జాగ్రత్తగా అన్నది మీరేగా! ఓసారి కాలినవాడికి జాగ్రత్తంటే ముట్టుకోకపోవడమే."

"నువ్వేం చదివావు బాబూ?"

"మధ్యలో మానేశా. ఇలా నవ్వడం నేర్పే క్లాసు దాకా రాలేదు."

"ఒరేయ్, లే" అన్నాడు బాబాయి.

ఇంట్లో పిన్ని తల కొట్టుకుంది. "ఏడాదంతా నా చీరల మధ్య పడుకోబెట్టారు. జోలపాట ఒక్కటే తక్కువ!"

షెడ్డు ఓ ఫర్నిచర్ వ్యాపారి కొన్నాడు. నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. పైగా వచ్చి, "షట్టరు నువ్వే చెయ్యి. పనయ్యాక ఇస్తాలే" అన్నాడు.

బాబాయి ముసుగు పైకెత్తాడు. "మొత్తం ముందే ఇవ్వాలి."

"నా మీద నమ్మకం లేదా?"

"మీరు ఇంతవరకూ నాకు బాకీ పడలేదు కదండీ. కడతారని నాకెలా తెలుస్తుంది?"

వ్యాపారి గొణుక్కుంటూ పోయాడు. బాబాయి జేబులోంచి కార్డు తీసి నా చేతిలో కొట్టాడు.

"పోయి వెల్డింగ్ రాడ్లు పట్రా. దీని మీదే. వేరే షెడ్డు చూసుకోవాలిగా."